సాలూరు లారీ షెడ్డులో పుట్టిన టెలిస్కోపు పీట

మా విజయనగరం డాబా మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే ముందు కనిపించేది పక్క వీధి కల్యాణ మండపం. పెళ్ళిళ్ళ రోజుల్లో దాని చుట్టూ నీలం, గులాబీ దీపాలు పరుగులు పెడుతుంటాయి. నేను ఎన్నాళ్ళుగానో చూడాలనుకుంటున్న ఒమేగా సెంటారి సరిగ్గా ఆ దీపాల నెత్తిమీదే ఎక్కుతుంది. అది ఒక్క నక్షత్రం కాదు, లక్షలకొద్దీ నక్షత్రాలు ముద్దకట్టిన బంతి. అలాంటి బంతులన్నిటిలోకీ మన కంటికి పెద్దది అదే. ఢిల్లీ వాళ్ళకి నేల మీద పాకుతున్నట్టు కనబడుతుంది గానీ, మన వైపు బాగానే పైకి లేస్తుంది. ఇంత అదృష్టం ఉండి కూడా నేను చూడలేదు. రోహిణి కార్తె సాయంత్రాలు దానికి మంచి వేళ. ఆ కార్తె దాటితే మబ్బులు కమ్ముకుంటాయి. అవి విడిచేసరికి అది వెలుతురుండగానే దిగిపోయే రోజులు వచ్చేస్తాయి. కిందటేడు మబ్బు, అంతకుముందేడు పెళ్ళి దీపాలు. ఈసారి వదలకూడదని రోహిణి కార్తె మొదట్లో, అమావాస్య ముందురోజు, సాలూరు బస్సెక్కాను. చుక్కలు చూడటానికి సాలూరేమిటి, అది లారీల ఊరు కదా అంటారేమో. లారీల ఊరు కాబట్టే వెళ్ళాను.

చిన్న టెలిస్కోపు దగ్గర మొదలై పెద్దదాని కోసం తహతహలాడుతున్న వాళ్ళకి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా మొదటిది మూడంగుళాల కటకం ఉన్న గొట్టం, అగ్గిపుల్లల్లాంటి మూడు కాళ్ళ స్టాండు. చంద్రుడి మీద గుంటలు చూపించింది, శని ఉంగరం చూపించింది, పాపం దాని పని అది చేసింది. కానీ కొంచెం ముట్టుకుంటే చాలు, శనిగ్రహం పూనకం వచ్చినట్టు ఊగిపోయేది. ఇక పెద్దది కావాలనే పురుగు నన్ను తొలచడం మొదలుపెట్టింది. ఫోనులో మా చుక్కల గ్రూపులో అడిగితే ఒకరు మోటారుతో తనంతట తనే నక్షత్రాన్ని వెతుక్కునే స్టాండు కొనమన్నారు. ఇంకొకరు కన్ను ఆనించే చోట పెట్టే ఐపీసులు మంచివి కొంటే చాలన్నారు. నేను ఆలోచించుకున్నది ఒకటే. మసకగా ఉన్నవి కనబడాలంటే వెలుతురు పోగవ్వాలి, వెలుతురు పోగుచేసేది పెద్ద అద్దం. మోటారు దారి చూపిస్తుందే తప్ప వెలుతురు తెచ్చివ్వదు. విశాఖలో ఒకాయన ఎనిమిదంగుళాల అద్దం ఉన్న గొట్టం చౌకగా ఇచ్చేస్తుంటే తెచ్చేసుకున్నాను. చౌకగా ఎందుకిచ్చాడంటే దాన్ని నిలబెట్టి అటూ ఇటూ తిప్పే పీట లేదు. కంపెనీ ఇచ్చిన పొట్టుచెక్క పీట ఒక తుఫానుకి తడిసి, నానిన బిస్కెట్టులా విచ్చిపోయిందట.

నా పాత టెలిస్కోపుని కాలేజీ జూనియర్లకి ఇచ్చేశాను. కొత్తది దుప్పటి చుట్టుకుని నా మంచం కింద పడుకుంది. మృగశిర, కృత్తిక, ఆ చలికాలపు ఆకాశం మొత్తం నా నెత్తి మీద నుంచి వెళ్ళిపోయింది. ఇంట్లో ఇంత పెద్ద అద్దం పెట్టుకుని వట్టి కళ్ళతో చూశాను. చివరికి దారి చూపింది మా నాన్న. ఆయన రైస్ మిల్లులో గుమస్తా. “మా మిల్లు లారీలకి బాడీలు కట్టే పైడిరాజు మేస్త్రి సాలూరులో ఉన్నాడు. టన్నులకి టన్నులు మోసే బాడీ కట్టేవాడు నీ గొట్టానికి పీట కట్టలేడా?” అన్నాడు. బొమ్మ గీసి, కొలతలు వేసి ఫోనులో పంపించాను. మేస్త్రి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాడు. “బరువెంత పాపా?” పన్నెండు కిలోలన్నాను. ఆయన నవ్వు షెడ్డంతా తిరిగి నా చెవిలోకి వచ్చింది. కొన్నాళ్ళకి మళ్ళీ ఫోన్. “అయిపోనాది. బేగి రా.”

ఉదయం ఆరున్నర బస్సు. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు రెండు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు వంద దగ్గర్లో ఉంటుంది. గొట్టం మాత్రం నా భుజమంత ఎత్తుంది. దుప్పట్లో చుట్టి, పాత చీరతో కట్టి, ఆఖరి సీటులో పసిపిల్లలా పడుకోబెట్టాను. కండక్టరు వచ్చి దాని చుట్టూ ఒకసారి చూశాడు.

“ఏటమ్మా అది? బోరు పైపా?”

“టెలిస్కోపండీ. చుక్కలు చూసేది.”

“సుక్కలు సూడ్డానికి పైపు కొనాలేటి? ఈ డ్యూటీ నాకు రోజూ ఊరికే సూపిస్తన్నాది.”

లగేజీ టికెట్టు కొట్టాడు గానీ, గతుకులొచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి “పైపు పట్టుకో అమ్మా” అని కేకేశాడు. రామభద్రపురం దాటాక కొండలు దగ్గరకొచ్చాయి. వాటి మీద తెల్లటి మబ్బు ముక్కలు అప్పుడే కూర్చుని ఉన్నాయి. నాకు గుబులు పుట్టింది. రోహిణి కార్తెలో పొద్దున తెల్లగా ఉన్నది సాయంత్రానికి నల్లగా అవుతుంది.

సాలూరులో దిగగానే ఊరి వాసన తెలిసిపోతుంది. డీజిలు, కొత్త రంగు, చిత్రిక పట్టిన చెక్క. రోడ్డు పక్కన షెడ్ల ముందు బాడీ లేని లారీలు తల ఒకటే పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు చాలామంది రెడీమేడ్ ఇనుప బాడీలకి వెళ్ళిపోతున్నారని, చెక్క పని తగ్గిందని నాన్న ముందే చెప్పాడు. పైడిరాజు మేస్త్రి షెడ్డులోనూ ఒకే లారీ ఉంది. దాని పక్కన, వేరే లారీ మీద నుంచి దిగివచ్చినట్టు, నా పీట.

నేను కంపెనీ ఫోటోల్లో చూసిన పీటలన్నీ నల్లగా, ముక్తసరిగా ఉంటాయి. ఇది పసుపు. అంచులు ఎరుపు. రెండు పక్కలా చిలకలు, నడుమ తామరపువ్వు, మూలమూలకీ ఇనుప పట్టీలు, ముందు నిమ్మకాయా మిరపకాయల దండ. నేను కెవ్వుమని అరిచాను. మేస్త్రి కంగారుపడ్డాడు. “నచ్చనేదేటి?” అన్నాడు. ఆ అరుపు సంతోషమని నమ్మించడానికి రెండుసార్లు చుట్టూ తిరగాల్సి వచ్చింది. వెనక చెక్క ఒక్కటే నల్లగా, ఏమీ రాయకుండా ఉంది.

“ఇక్కడ ఖాళీ వదిలేశారేం బాబాయ్?”

“తొలి ట్రిప్పు అవ్వాల. లోడెక్కించుకుని ఎల్లి, కిర్రుమనకండా, వొణక్కండా తిరిగొస్తేనే ఎనకాల రాత. మా నాన్న కాలం నుంచి ఈ షెడ్డు పద్దతి అది.”

“రాయకండా ఒదిలేసిన బండి ఒకటున్నాది, అడుగు పాపా,” అన్నాడు లారీ కింద నుంచి ఎవరో. గ్రీజు చేతులతో బయటికొచ్చాడు. మేస్త్రి బావమరిది సత్యం, రాయపూర్ లైను డ్రైవరు. “ఇదే, నాది. బావ కట్టిన బండి ఘాటీ రోడ్డు ఎక్కుతుంటే కిర్రుమన్నాది. అప్పట్నించి ఎనకాల బోసిముండలాగ తిరుగుతన్నాను. దాబాల కాడ అందరూ అడుగుతారు, నీ బండికి పేరు పెట్టనేదేట్రా అని.”

“నువ్వు ఎక్కించిన లోడుకి కొండైనా కిర్రుమంటాది,” అన్నాడు మేస్త్రి. నవ్వుతూనే అన్నాడు గానీ మొహం నవ్వలేదు. ఈ పీట ఆయనకి ఆటవస్తువు కాదని నాకు అప్పుడే అర్థమైంది.

గొట్టం ఎక్కించాం. మేస్త్రి పీట అంచు మీద నిండు గ్లాసుతో నీళ్ళు పెట్టి, చెక్కసుత్తితో పక్కన ఒక్కటి వేశాడు. నీళ్ళు ఒక్కసారి వణికి ఊరుకున్నాయి, చుక్క ఒలకలేదు. “సూశావా!” అన్నాడు. దూరంగా కొండ మీదున్న సెల్ టవరు వైపు గొట్టం తిప్పి చూశాను. టవరు మీద వాలిన కాకి రెప్పపాట్లు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. అంతలో గాలి వీచింది. కాకి, టవరు, కొండ మొత్తం పక్కకి పరిగెత్తాయి. గొట్టం గాలికోడిలా తిరుగుతోంది.

“బాబాయ్, ఇది ఆగట్లేదు!”

“ఆగడమేటి? అంత నున్నగా తిరుగుతాది. కింద లారీ బేరింగు ఏశాను, గ్రీజు కూరాను. సిటికెన ఏలితో తిప్పొచ్చు.”

షెడ్డుని ఆనుకున్న ఇంట్లో, వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న మేస్త్రి భార్య గౌరమ్మ పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మో, జన్మంతా లారీలు కట్టి ఈ గుంటపిల్ల బండికి బ్రేకు మర్సిపోయావేటయ్యా?”

సత్యం నేల మీద కూలబడి నవ్వాడు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి ఈ రకం పీటకి ఉన్న కిటుకంతా అక్కడే. అది నున్నగా జారకూడదు, గట్టిగా పట్టేయకూడదు. వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే ఉన్నచోటే ఉండాలి. కంపెనీ వాళ్ళు అందుకే బేరింగు వేయరు, నున్నటి పలక కింద మూడు టెఫ్లాన్ ముక్కలు పెడతారు. ఆ మాటే చెప్పాను.

“టెఫ్లాను అంటే అట్టు అంటుకోని పెనానికి ఉండేదేనా?” అన్నాడు సత్యం, అక్క వంటింటి వైపు చూస్తూ.

“నా పెనం జోలికొచ్చావంటే నీ నెత్తి మీద అట్టేస్తాను,” అంది పిన్ని. పెనం మీద ఉండేది పల్చటి పూత, పనికిరాదని చెప్పి ఆ పెనం ప్రాణం నేనే కాపాడాను.

మేస్త్రి బేరింగు ఊడదీశాడు. ముందు పాత బ్రేకు లైనరు ముక్కలు మూడు పెట్టాడు. పీట మొండికేసింది, తోస్తే ఆగి ఆగి ఎగిరి పడుతోంది. కాకి ఒక్క గెంతులో మాయమైపోయింది. అప్పటికి ఒంటిగంట. రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. పిన్ని బలవంతంగా లేపి చోడి అంబలి, అదే రాగి జావ, ఉల్లిపాయ, ఎండు మెత్తళ్ళ చేపల ఇగురు పెట్టింది. రోహిణి ఎండలో సాలూరు వెళ్ళేవాళ్ళు హోటలు బిరియానీ మానేసి ఎక్కడ అంబలి దొరికితే అక్కడ తాగండి. తింటూ కూడా మేస్త్రి పళ్ళెం పక్కన రెండు వేళ్ళతో ఏదో తోస్తూ, ఆపుతూ ఉన్నాడు. సగం అన్నంలో లేచి సత్యం లారీ టూల్ బాక్సులో చెయ్యి పెట్టాడు. లారీ స్ప్రింగు దగ్గర వేసే నైలాను బుష్షు ఒకటి తీసి రంపంతో మూడు బిళ్ళలు కోశాడు. బిళ్ళలు కింది పలకకి బిగించి, వాటి మీద ఆనే పీట అడుగున సన్‌మైకా ముక్క అంటించాం. గొట్టం ఎక్కించాం. గాలి వీచింది. కాకి వెళ్ళిపోయింది గానీ టవరు మాత్రం కదల్లేదు.

“ఇది ఇంకా పగలే,” అన్నాడు మేస్త్రి. “రాత్రి సూడాల.”

నాలుగు గంటలకి కొండల మీద మబ్బు నల్లబడింది, దూరంగా ఒకసారి ఉరిమింది కూడా. నేను షెడ్డుకీ రోడ్డుకీ మధ్య తిరుగుతుంటే పిన్ని నన్ను లాగి కూకోబెట్టింది. “సూస్తే ఆగిపోద్దేటి మబ్బు? అది ఒరిస్సా ఎల్లిపోద్ది, కూకో.” ఆరున్నరకి నిజంగానే అది ఉత్తరంగా జరిగిపోయింది. మా ప్రయాణం కూడా పద్ధతి ప్రకారమే సాగింది. పీటని సత్యం పెద్ద లారీ ఎక్కించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంత పెద్ద బండిలో ఒక పీట, ఒక గొట్టం, మేము నలుగురం. ఊరికి దక్షిణాన హైవే వదిలి మట్టిదారిలో, పిన్ని పుట్టింటి వాళ్ళ నువ్వు చేను దగ్గర దిగాం. కోత అయిపోయి చేను ఖాళీగా ఉంది. దక్షిణం వైపు నేల దాకా అడ్డు లేదు.

బండి కుదుపులకి అద్దం ఎప్పుడూ కొంచెం పక్కకి జరుగుతుంది. గొట్టం అడుగున ఉన్న మరలు తిప్పి సరిచేయడానికి పావుగంట పట్టింది. దూర ప్రయాణం చేసిన ఏ అద్దానికైనా ఆ పావుగంట ఇవ్వాల్సిందే. ఎనిమిదికి చీకటి చిక్కబడింది. మా డాబా మీద ఎప్పుడూ ఇన్ని చుక్కలు చూడలేదు. నడినెత్తికి కొంచెం దక్షిణంగా తెల్లగా మెరుస్తున్నది చిత్త నక్షత్రం. అక్కడ నుంచి చేయి చాచి, పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ నేరుగా కిందికి మూడున్నర పిడికిళ్ళు దిగితే ఒమేగా సెంటారి. మోటారు అక్కర్లేదు, చెయ్యి చాలు. అక్కడ వట్టి కంటికే ఒక మసక చుక్క కనిపించింది. గొట్టం తిప్పాను. ఐపీసుకి కన్ను ఆనించాను.

ఏం చెప్పను! మసక లేదు. పొడి. వెలుగు పొడి. నడుమ చిక్కగా, అంచులకి పల్చగా, ఒక్కొక్క రేణువూ విడివిడిగా, నా కన్ను పట్టనంత వెడల్పుగా. నేను మళ్ళీ కెవ్వుమన్నాను. పక్క చేలో కుక్క మొరిగింది.

తర్వాత పిన్ని చూసింది. “సేటలో తెల్ల నువ్వులు పోసినట్టున్నాది,” అంది మెల్లగా. సత్యం చూసి, “ఎన్ని బస్తాలుంటాయి పాపా?” అన్నాడు. మేస్త్రి మాత్రం దగ్గరకి రాలేదు. మేము చూస్తున్నంతసేపూ ఆయన నేల మీద గొంతుక్కూర్చుని పీటకి చెవి ఆనించి ఉన్నాడు. కిర్రుమంటుందేమోనని.

“నువ్వు సూడవేటి బావా?”

అప్పుడు లేచాడు. నేను బాగా దగ్గరగా చూపించే ఐపీసు మార్చి, గుంపు నడుమకి తెచ్చి పక్కకి తప్పుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. నిమిషం గడిచింది. చప్పున తల ఎత్తాడు. చీకట్లో మొహం కనిపించలేదు గానీ గొంతు తెలిసింది.

“జారిపోతన్నాది.”

“ఏటి?” అంది పిన్ని.

“నాను ముట్టుకోనేదు. సుక్కలన్నీ ఓ పక్కకి జారిపోతన్నాయి. పీట నిలబడనేదు.” సత్యం నోరు తెరవబోతుంటే, “నవ్వకు,” అన్నాడు.

నాకు వెంటనే సంగతి అర్థమై నవ్వు, జాలి ఒక్కసారే వచ్చాయి. “బాబాయ్, పీట కదల్లేదు. భూమి తిరుగుతోంది కదా, దాంతో మనం తిరుగుతున్నాం. ఐపీసు ఇంత పెద్దది చేసి చూపిస్తోంది కాబట్టి ఆ తిరగడం కూడా కనబడుతోంది.”

“పుస్తకాల్లో ఉన్నది సెప్పకు పాపా. నా పని సంగతి సెప్పు.”

మాటలతో కాదని తెలిసింది. “సుద్ద ఉందా?” అన్నాను. మేస్త్రులకి సుద్దముక్క లేకుండా చొక్కా జేబు ఉండదు. తిరిగే పలక మీద నుంచి తిరగని పలక మీదికి ఒకే గీత గీయించాను. గొట్టం పక్కన కూడా అలాగే ఇంకోటి. గుంపుని మళ్ళీ నడుమకి తెచ్చి, గీతలు రెండూ కొత్తగా గీయించి, అందరం చేతులు కట్టుకుని దూరం జరిగాం. నిమిషం ఆగాం. తర్వాత మేస్త్రి ఐపీసులో చూశాడు. నువ్వులు సగం దాటిపోయాయి. ఫోను వెలుతురు వేలి సందులో నుంచి పడనిచ్చి గీతలు చూశాడు. వేలితో తడిమాడు. రెండూ వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసే ఉన్నాయి.

ఆయన మళ్ళీ వంగి చూశాడు, మళ్ళీ గీత చూశాడు. ఇంకోసారి. తర్వాత ఆకాశం వైపు కాకుండా కాళ్ళ కింద నువ్వు చేను వైపు చూశాడు.

“అయితే ఇదా తిరుగుతన్నది?” అన్నాడు, నేలని మడమతో తొక్కి.

“అదే.”

“ఒరే సత్యం,” అన్నాడు. “నీ బండిలో కిర్రుమన్నాది కూడా నా బాడీ కాదేమోరా. రేపు దాన్ని షెడ్డు కాడే ఉంచు. ఏటి అరిసిందో నాను ఇప్పి సూస్తాను.”

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. తెల్లారి లేచేసరికి మేస్త్రి పీట వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో తెల్ల రంగు కుంచె. ఏం రాయాలని నన్ను అడగలేదు. లారీ అక్షరాల్లో, నీడలు కూడా వేసి, రాసేశాడు: భూమి కదిలింది. నేను కదల్లేదు.

సామాను పెంచుకోవడం గురించి ఇన్నాళ్ళూ గాజు గురించే ఆలోచించాను. ఎన్ని అంగుళాలు, ఎంత పెద్దగా చూపిస్తుంది, ఇదే లెక్క. నేను చూసిన ఆ వెలుగు పొడి అద్దంలో నుంచే వచ్చింది, నిజమే. కానీ అది నా కంటి ముందు నిలిచింది మద్ది చెక్క మీద, లారీ బుష్షు ముక్కల మీద, ఓ మనిషి పట్టుదల మీద. ఈ వాక్యం రాస్తుంటే మా డాబా మీద చిలకలు, తామరపువ్వుతో పీట నిలబడి ఉంది. కల్యాణ మండపం దీపాలు దాని ముందు వెలవెలబోతున్నాయి. మీరూ పెద్ద గొట్టం కొంటుంటే ఒక్క మాట. డబ్బంతా అద్దానికి పెట్టేసి పీటని ఆఖరికి వదలకండి. కట్టించుకుంటే మేస్త్రికి “నున్నగా తిరగాలి” అని మాత్రం చెప్పొద్దు, “వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే ఆగాలి” అని చెప్పండి. వెనకాల ఏం రాయాలో ఆయనకే వదిలేయండి.